ప్రమాదం తర్వాత ఏటీసీ కంట్రోలర్‌కు అండ ఎవరు? తోటివారి సాయం, వైద్య ధ్రువపత్రం, విచారణల మధ్య చిక్కుముడి

క్లుప్తంగా

విమాన ప్రమాదాలు, త్రుటిలో తప్పిన ఢీలు, పని మధ్యలో రాడార్ ఆగిపోవడం వంటి ఘటనలు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల మనసును గట్టిగా దెబ్బతీస్తాయని విమానయాన రంగం అంగీకరించి చాలా కాలమైంది. ఐరోపా సమాఖ్య 2020 నుంచి ఇలాంటి ఘటనల తర్వాత అందించే సహాయాన్ని నిబంధనల్లో చేర్చింది. అమెరికాలో అలాంటి ఏర్పాటు ఉన్నా వైద్య ధ్రువపత్రం పోతుందన్న భయం దానికి అడ్డుపడుతోంది. భారత్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023లో ఇచ్చిన సర్క్యులర్ ఒక దారి చూపింది. సహాయం, వైద్య అర్హత, విచారణ అనే మూడు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట కంట్రోలర్లు నోరు విప్పరు. కార్యక్రమం నిలబడుతుందా, కాగితం మీదే మిగులుతుందా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతోంది.

ఒక ప్రశ్న, జవాబు లేని రేడియో

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ గాట్విక్‌కు బయల్దేరిన ఎయిర్ ఇండియా 171 విమానం మధ్యాహ్నం 1 గంట 38 నిమిషాల 39 సెకన్లకు నేలను వీడింది. 26 సెకన్ల తర్వాత పైలట్లలో ఒకరు రేడియోలో ప్రాణాపాయాన్ని తెలిపే ‘మేడే’ అన్న పిలుపును మూడుసార్లు అన్నారు. కంట్రోలర్ కాల్‌సైన్, అంటే విమానాన్ని రేడియోలో పిలిచే పేరు, అడిగారు. జవాబు రాలేదు. విమానం ప్రహరీ అవతల కూలిపోవడం కంట్రోలర్ కంటపడింది. వెంటనే అత్యవసర స్పందన మొదలైంది. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ జులైలో విడుదల చేసిన ప్రాథమిక నివేదికలో ఆ క్షణాల్లో కంట్రోలర్ ఏం చేశారన్న దానిపై ఉన్నది దాదాపు ఇంతే.

విమానంలోని 242 మందిలో 241 మంది, నేల మీద మరో 19 మంది మరణించిన ఆ దుర్ఘటనపై చర్చంతా ఇంజిన్లకు ఇంధనం అందించే స్విచ్‌ల చుట్టూ, పైలట్ల మాటల చుట్టూ తిరిగింది. దర్యాప్తు కోణంలో అది సహజమే. అయితే ఆ చివరి పిలుపు విని జవాబు కోసం ఎదురుచూసిన వ్యక్తి ఆ తర్వాత ఎవరి సంరక్షణలో ఉంటారు, మళ్లీ ఎప్పుడు మైక్ ముందు కూర్చోగలరు, కూర్చోగలరని ఎవరు తేలుస్తారు అన్న ప్రశ్నలకు ప్రయాణికుల భద్రతతో నేరుగా సంబంధం ఉంది. ఏ విమానాశ్రయంలోనైనా పెద్ద ప్రమాదం తర్వాత కొన్ని గంటలకో, మరునాటికో రాకపోకలు మళ్లీ మొదలవుతాయి. వాటిని నడిపించాల్సింది ఆ టవర్ సిబ్బందే.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

కంట్రోలర్ వృత్తికి ఆయువుపట్టు ఎడం పాటించడం. మార్గమధ్యంలో ఎగిరే రెండు విమానాల మధ్య సాధారణంగా నిలువుగా 1,000 అడుగులు, లేదా రాడార్ మీద అడ్డంగా 5 నాటికల్ మైళ్ల దూరం ఉండాలి. ఆ దూరం తగ్గకుండా ఉండాలంటే తెర మీద కదిలే గుర్తులను చూస్తూ, మరో ఐదు, పది నిమిషాల తర్వాత ఏ విమానం ఎక్కడ ఉంటుందో కంట్రోలర్ తన మనసులో ముందుగానే బొమ్మ కట్టుకోవాలి. వేగం, ఎత్తు, గాలి, పైలట్ ఎంత చురుగ్గా స్పందిస్తాడన్న అంచనా అన్నీ అందులో ఉంటాయి. ఈ పనికి కావాల్సిన ప్రధాన పరికరం తన తీర్పు మీద తనకున్న నమ్మకం. ప్రమాదం మొదట దెబ్బతీసేది దాన్నే.

అగ్నిమాపక సిబ్బందికో, అంబులెన్సు సిబ్బందికో ఎదురయ్యే ఘోరానికీ దీనికీ తేడా ఉంది. వాళ్లు ప్రమాదం జరిగిన తర్వాత అక్కడికి చేరుకుంటారు, చేతులతో చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది. కంట్రోలర్ ప్రమాదం జరుగుతున్నప్పుడే, దానికి ముందు నుంచే అందులో భాగస్వామి. కానీ దూరంగా ఓ గదిలో, మాట తప్ప మరో సాధనం లేకుండా ఉంటారు. విన్న గొంతు ఆగిపోతుంది, తెర మీది గుర్తు మాయమవుతుంది. ఆ క్షణంలోనే ఇంకా పది విమానాలు అదే ఫ్రీక్వెన్సీలో ఆదేశాల కోసం ఎదురుచూస్తుంటాయి కాబట్టి గొంతు వణకకుండా వాటితో మాట్లాడుతూనే ఉండాలి. ఆ తర్వాత కుర్చీ దిగిన మరుక్షణం నుంచీ ఒకే ప్రశ్న వెంటాడుతుంది: నేను ఏదైనా వేరేగా చెప్పి ఉంటే ఏమయ్యేది?

ప్రాణనష్టం జరిగితేనే ఈ దెబ్బ తగులుతుందని అనుకోవడం పొరపాటు. రెండు విమానాలు కొన్ని వందల అడుగుల తేడాతో తప్పించుకున్న ఘటనలో ప్రయాణికులకు ఏమీ తెలియకపోవచ్చు, మరునాడు పత్రికల్లో వార్త కూడా రాకపోవచ్చు. కంట్రోలర్ మాత్రం దాన్ని ప్రమాదంగానే అనుభవిస్తారు. తన తప్పు లేశమైనా లేని ఘటనల్లోనూ, పక్క తెర ముందు కూర్చుని చూసినవారిలోనూ ఇలాంటి స్పందనలే కనిపిస్తాయి. నిద్ర పట్టకపోవడం, అవే మాటలు చెవుల్లో మారుమోగడం, ఉలికిపాటు, చిరాకు, పనికి సంబంధించిన ప్రతిదానికీ దూరంగా ఉండాలనిపించడం మొదటి రోజుల్లో చాలామందిలో ఉంటాయి. ఇవి జబ్బు లక్షణాలు కావు, అసాధారణ ఘటనకు సాధారణ మనిషి స్పందన. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గక, రోజువారీ జీవితానికి అడ్డుపడుతుంటే మాత్రం ఘటనానంతర మానసిక వ్యాధి కావచ్చు, చికిత్స అవసరమవుతుంది.

కన్సోల్ మీద, అంటే కంట్రోలర్ పనిచేసే తెర ముందు, ఈ ప్రభావం రెండు రకాలుగా బయటపడుతుంది. కొందరు అవసరానికి మించి జాగ్రత్తపడతారు: విమానాల మధ్య రెట్టింపు ఎడం పెడతారు, ఇచ్చిన ఆదేశాన్నే మళ్లీ మళ్లీ సరిచూసుకుంటారు, దాంతో సెక్టార్‌లో, అంటే తాము చూసుకునే గగనతల భాగంలో, రద్దీ పెరుగుతుంది. ఇంకొందరిలో నిర్ణయం తీసుకోవాల్సిన క్షణంలో చిన్న తటపటాయింపు వస్తుంది. నిమిషానికి ఏడెనిమిది మైళ్లు ప్రయాణించే విమానాల విషయంలో ఐదు సెకన్ల తటపటాయింపు అంటే అర మైలుకు పైనే. అందుకే ఈ అంశాన్ని కేవలం ఉద్యోగుల సంక్షేమం పద్దు కింద వేయడం సరికాదు. భద్రతా వ్యవస్థలో ఇదొక అంగం.

యూబర్‌లింగెన్: ఒక రాత్రి, రెండు నియంత్రణ కేంద్రాలు

కంట్రోలర్లకు అండ గురించి ఐరోపాలో జరిగే ఏ చర్చ అయినా 2002 జులై 1 రాత్రి దగ్గరికి చేరుతుంది. స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లోని జర్మన్ పట్టణం యూబర్‌లింగెన్ మీద, దాదాపు 35,000 అడుగుల ఎత్తులో, బష్కిరియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన టుపోలెవ్-154, డీహెచ్ఎల్ సరకు రవాణా బోయింగ్-757 ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది సెలవులు గడపడానికి బయల్దేరిన పిల్లలు. ప్రమాదం జరిగింది జర్మనీ మీదే అయినా ఆ గగనతలాన్ని చూసుకునే బాధ్యత స్విస్ సంస్థ స్కైగైడ్‌కు చెందిన జ్యూరిక్ కేంద్రానిది.

ఆ రాత్రి జ్యూరిక్‌లో తోటి కంట్రోలర్ విశ్రాంతికి వెళ్లడంతో ఒక్కరే రెండు తెరలు చూస్తున్నారు. రాత్రి షిఫ్టుల్లో అలా చేయడం యాజమాన్యం చూసీచూడనట్టు వదిలేసిన అలవాటు. నిర్వహణ పనుల కోసం రాడార్ వ్యవస్థను తక్కువ సామర్థ్యంతో నడుపుతుండటంతో, విమానాలు దగ్గరవుతున్నాయని తెర మీద చూపే హెచ్చరిక పనిచేయడం లేదు. ప్రధాన టెలిఫోన్ లైన్లను ఆపేశారు. ప్రత్యామ్నాయ లైనులో లోపం ఉంది. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగడానికి ఆలస్యంగా వచ్చిన మరో విమానం కోసం ఆ లైనుతోనే కుస్తీ పడుతూ, ఢీకి ముప్పావు నిమిషం ముందు కంట్రోలర్ ప్రమాదాన్ని గమనించి టుపోలెవ్‌ను కిందికి దిగమన్నారు. సరిగ్గా అదే వేళ విమానాల్లోని ఢీ నివారణ వ్యవస్థ టుపోలెవ్‌ను పైకి వెళ్లమని, బోయింగ్‌ను దిగమని చెప్పింది. టుపోలెవ్ కంట్రోలర్ మాట విన్నది. రెండూ దిగాయి.

జర్మనీలోని కార్ల్‌స్రూ కేంద్రంలో అప్పుడే హెచ్చరిక వచ్చింది. అక్కడి కంట్రోలర్ జ్యూరిక్‌కు పదే పదే ఫోన్ చేశారు. లైను కలవలేదు. ఆ విమానాలు తన అధీనంలో లేవు, ఆ ఢీలో తన పాత్రా లేదు. అయినా ముందే తెలిసి ఆపలేకపోయిన వ్యక్తిగా ఆ రాత్రి మిగిలిపోవాల్సి వచ్చింది. ఘటనతో ప్రత్యక్ష సంబంధం ఉన్నవారికే సహాయం అని గీత గీస్తే ఇలాంటివారు ఆ గీతకు అవతలే ఉండిపోతారు.

జ్యూరిక్ కంట్రోలర్ కథ ఇంకా విషాదంగా ముగిసింది. 2004 ఫిబ్రవరి 24న, ప్రమాదంలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ కోల్పోయిన వ్యక్తి ఆయనను జ్యూరిక్ సమీపంలోని క్లోటెన్‌లో ఇంటి దగ్గరే పొడిచి చంపాడు. సిబ్బంది కొరత, నిర్వహణ పనుల ప్రణాళికలో లోపం, యాజమాన్యం సహించిన అలవాట్లు, యంత్రం ఒకటి చెప్పి కంట్రోలర్ మరొకటి చెప్పినప్పుడు పైలట్ ఏది వినాలన్న దానిపై స్పష్టత లేకపోవడం వంటి కారణాలను వివరించిన జర్మన్ దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది ఆ తర్వాత, మే నెలలో. 2007లో స్విస్ కోర్టు స్కైగైడ్ సిబ్బందిలో నలుగురిని దోషులుగా తేల్చింది. వారిలో ముగ్గురు మేనేజర్లు. అంటే ప్రమాదానికీ, అధికారిక వివరణకూ మధ్య దాదాపు రెండేళ్ల పాటు లోకం దృష్టిలో ఆ ఢీకి జవాబుదారీ ఒక్క మనిషే. కంట్రోలర్ పేరు, చిరునామా గోప్యంగా ఉంచడం కూడా సహాయంలో భాగమేనన్న స్పృహ ఈ ఘటన తర్వాతే బలపడింది.

అంతకు ముందు, 1976 సెప్టెంబర్ 10న అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ సమీపంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ట్రైడెంట్, ఇనెక్స్-అడ్రియా డీసీ-9 ఢీకొని 176 మంది మరణించినప్పుడు, విచారణకు నిలబెట్టిన సిబ్బందిలో ఒక్క కంట్రోలర్‌కే ఏడేళ్ల జైలుశిక్ష పడింది. ప్రపంచవ్యాప్తంగా కంట్రోలర్లు చేసిన విజ్ఞప్తుల తర్వాత 1978లో విడుదలయ్యారు. సహాయం అన్న మాటకే తావులేని కాలం అది.

మన దేశంలో 1996 నవంబర్ 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్-747, కజకిస్థాన్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది మరణించారు. రెండు విమానాలతోనూ మాట్లాడుతున్నది ఢిల్లీలో ఒకే అప్రోచ్ కంట్రోలర్, అంటే విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలను చూసుకునేవారు. అప్పటి రాడార్‌లో విమానం ఎక్కడుందో తెలిసేది తప్ప ఎంత ఎత్తులో ఉందో తెలిసేది కాదు. ఎత్తు విషయంలో పైలట్ చెప్పిందే ఆధారం. మేఘాల్లో పెద్ద మంట కనిపించిందని ఆ దారిన వస్తున్న అమెరికా సైనిక విమానం చెప్పింది. కంట్రోలర్ రెండు విమానాలనూ పిలిచినా సమాధానం లేదు. జస్టిస్ ఆర్.సి. లాహోటీ నేతృత్వంలోని విచారణ, కజక్ విమానం తనకు కేటాయించిన 15,000 అడుగుల కంటే కిందికి దిగడమే కారణమని తేల్చింది. నిర్దోషి అని తేలడం వేరు, ఆ సాయంత్రపు నిశ్శబ్దం నుంచి తేరుకోవడం వేరు. విచారణ కమిషన్ మొదటిది మాత్రమే ఇవ్వగలదు.

తోటివారి అండ ఎలా పనిచేస్తుంది

నేడు ఎక్కువ దేశాల్లో కంట్రోలర్లకు అందించే సహాయానికి మూలం క్రిటికల్ ఇన్సిడెంట్ స్ట్రెస్ మేనేజ్‌మెంట్, అంటే సీఐఎస్ఎం అనే పద్ధతి. అమెరికాలో అగ్నిమాపక, అంబులెన్సు సేవల్లో పనిచేసిన జెఫ్రీ మిచెల్ 1980లలో అత్యవసర సిబ్బంది కోసం దీన్ని రూపొందించారు. ఘటన జరిగిన కొన్ని గంటల్లో చిన్న సంభాషణ, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఓ క్రమం ప్రకారం బృంద చర్చ, అవసరమైనవారిని నిపుణుల దగ్గరికి పంపడం ఇందులోని ప్రధాన అంచెలు. జర్మనీలోని విమాన నియంత్రణ సంస్థ డీఎఫ్ఎస్ 1990ల చివరి నుంచే దీన్ని కంట్రోలర్లకు అనువుగా మార్చుకుని అమలుచేస్తోంది.

ఆ మార్పులో ముఖ్యమైనది ‘పీర్’ పాత్ర. ఘటన తర్వాత మొదట వచ్చి పక్కన కూర్చునేది మానసిక వైద్యుడు కాదు, ఈ పనికోసం శిక్షణ పొందిన మరో కంట్రోలర్. దీనికి ఆచరణలో గట్టి కారణం ఉంది. ‘ఫలానా లెవెల్‌కు క్లియర్ చేశాను, రీడ్‌బ్యాక్ సరిగ్గానే వచ్చింది, అయినా దిగిపోయాడు’ అన్న ఒక్క వాక్యం బయటివారికి అర్థం కావాలంటే పావుగంట వివరించాలి. తోటి కంట్రోలర్‌కు వివరణ అక్కర్లేదు. ఆ వాక్యంలో దాగున్న భయం కూడా వెంటనే తెలుస్తుంది. పైగా ఆ పని చేసే మనిషే ‘నాకూ ఇలా జరిగింది, నిద్ర పట్టడానికి పది రోజులు పట్టింది’ అంటే దాని విలువ వేరు.

మొదటి గంటలో చేయాల్సినవి చాలా మామూలు పనులు, అందుకే తరచూ తప్పిపోతాయి. షిఫ్టు సూపర్‌వైజర్ ముందుగా మరో కంట్రోలర్‌ను పక్కన కూర్చోబెట్టి, ట్రాఫిక్‌ను పద్ధతిగా అప్పగింపజేసి, ఘటనలో ఉన్నవారిని కుర్చీ నుంచి లేపాలి. ‘ఇంకాసేపు చూడగలను’ అని వాళ్లు చెప్పినా లేపాలి, ఎందుకంటే ఆ క్షణంలో తమ స్థితిని తామే అంచనా వేసుకోవడం కష్టం. అలా లేపడం శిక్ష కాదని అందరి ముందూ తెలిసేలా చేయాలి. ప్రతి ఘటన తర్వాతా, తప్పు ఎవరిదైనా, ఇదే ఆనవాయితీగా ఉంటే ఎవరికీ అవమానం అనిపించదు. తర్వాత నిశ్శబ్దమైన గది, నీళ్లు, ఇంటికి ఫోన్ చేసుకునే వీలు, ఒంటరిగా వాహనం నడుపుకుంటూ వెళ్లకుండా ఇంటిదాకా తోడు కావాలి. ఈ దశలో పీర్ అడగకూడని ప్రశ్న ఒకటుంది: ‘అసలేం జరిగింది, ఎందుకలా చెప్పావు?’ ఆ ప్రశ్న అడగడానికి దర్యాప్తు అధికారులున్నారు.

పరిశోధనలు లేవనెత్తిన అభ్యంతరం

ఈ పద్ధతికి వ్యతిరేకంగా బలమైన వాదన కూడా ఉంది. దాన్ని దాటవేస్తే విషయం సగమే తెలుస్తుంది. ఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి, అనుభవాన్నంతా ఒక్క విడతలో చెప్పించడం వల్ల ఘటనానంతర మానసిక వ్యాధి నివారణ అవుతుందనడానికి ఆధారం లేదని అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2002 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. కొన్ని ప్రయోగాల్లో అలా చేయించుకున్నవారి పరిస్థితి చేయించుకోనివారి కంటే దిగజారింది కూడా. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2005లోనూ, మళ్లీ 2018లోనూ ఇలాంటి విడత సంభాషణలు వద్దని చెప్పింది. గాయం పచ్చిగా ఉన్నప్పుడే దాన్ని తవ్వించడం, సహజంగా కోలుకునే క్రమానికి అడ్డుపడటం ఇందుకు కారణాలు కావచ్చని నిపుణుల వివరణ.

సీఐఎస్ఎం సమర్థకుల సమాధానం ఏమిటంటే, ఆ ప్రయోగాలు ఎక్కువగా కాలిన గాయాలతో, రోడ్డు ప్రమాదాలతో ఆసుపత్రిలో చేరిన వ్యక్తుల మీద, ఒక్కొక్కరితో విడిగా జరిగాయని. ఈ పద్ధతి మాత్రం కలిసి పనిచేసే సిబ్బంది కోసం, అనేక అంచెల్లో ఒకటిగా ఉద్దేశించినదని. ఈ సమాధానంలో పస ఉంది, కానీ అది అభ్యంతరాన్ని పూర్తిగా తీర్చదు. రెండు వైపులా ఉన్న ఆధారాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టం: బలవంతంగా మాట్లాడించడం మానుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన ప్రాథమిక మానసిక సహాయ మార్గదర్శకం కూడా ఇదే దారిలో ఉంది. మనిషి తక్షణ అవసరాలు చూడాలి, చెప్పాలనుకుంటే వినాలి, చెప్పకపోతే ఒత్తిడి చేయకూడదు, తోడు ఉండేవారితో కలపాలి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు కనిపెట్టుకుని ఉండి, కోలుకోనివారిని గుర్తించి, ఫలితం నిరూపితమైన చికిత్సకు పంపాలి. కాబట్టి ‘ఘటన తర్వాత ఒకసారి కౌన్సెలింగ్ ఇచ్చాం’ అని దస్త్రంలో నమోదు చేసి ముగించే పద్ధతికి శాస్త్రం మద్దతు లేదు. నాలుగో వారంలో మళ్లీ పలకరించేవారు ఉన్నారా అన్నదే అసలు పరీక్ష.

నోరు విప్పితే ధ్రువపత్రం పోతుందా?

2025 ఏప్రిల్ 28న అమెరికాలో నెవార్క్ విమానాశ్రయానికి వచ్చే విమానాలను నడిపించే ఫిలడెల్ఫియా కేంద్రంలో టెలికాం లైను విఫలమై రాడార్, రేడియో రెండూ సుమారు నిమిషంన్నర పాటు పోయాయి. ఏ విమానమూ ఢీకొనలేదు, ఎవరూ గాయపడలేదు. కానీ తమ అధీనంలో విమానాలు ఉండగా వాటిని చూడనూలేక, వాటితో మాట్లాడనూలేక గడిపిన కంట్రోలర్లలో కొందరు సెలవు తీసుకున్నారు. పనిలో గాయపడిన ఫెడరల్ ఉద్యోగులకు 45 రోజుల వరకు జీతం కొనసాగించే చట్టం అక్కడ ఉంది. మానసిక ఆఘాతానికీ అది వర్తిస్తుంది. అసలే సిబ్బంది తక్కువైన ఆ విభాగంలో వారి గైర్హాజరుతో జాప్యాలు పెరిగాయి, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ రోజుకు 35 రానుపోను సర్వీసులను తగ్గించుకుంది.

అప్పట్లో కొందరు దీన్ని సాకుగా చూశారు. ఆ చట్టం పనిచేయాల్సిన తీరు మాత్రం అదే: గాయపడినవారు మైక్ ముందు కూర్చోకుండా, జీతం పోతుందన్న భయం లేకుండా ఆగగలిగారు. నెవార్క్ బయటపెట్టిన లోటు వేరొకటి, ఆ కొద్దిమంది ఆగితే వారి స్థానంలో కూర్చోవడానికి మనుషులు లేకపోవడం.

సెలవు దొరికినా వైద్య ధ్రువపత్రం సమస్య అలాగే ఉంటుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏవో ప్రమాణాల ప్రకారం కంట్రోలర్లకు మూడో తరగతి వైద్య ధ్రువపత్రం ఉండాలి. మానసిక ఆరోగ్యం కూడా అందులో భాగం. మనిషి నిజంగా అనర్హుడైనప్పుడు అతణ్ని ఆపడం అవసరమే. చిక్కు ఎక్కడంటే, నిద్ర పట్టక ఓ సైకాలజిస్టును కలిశానని చెబితే నెలల తరబడి పత్రాల పరిశీలనలో ఇరుక్కుంటామన్న భయంతో చాలామంది అసలు ఎవరినీ కలవరు. అలా చూస్తే ఆ నిబంధన జబ్బును ఆపదు, జబ్బు కబురును ఆపుతుంది. పైలట్లు, కంట్రోలర్ల మానసిక ఆరోగ్య నిబంధనలను పరిశీలించేందుకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2023 చివర్లో వేసిన కమిటీ, 2024 ఏప్రిల్‌లో 24 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. శిక్ష భయం లేకుండా సమస్యను చెప్పుకునే మార్గం ఉండాలని, మాటల ద్వారా చేసే చికిత్సకు సంబంధించిన వెల్లడి నిబంధనలను సవరించాలని, తోటివారి సహాయ కార్యక్రమాలను విస్తరించాలని అది సూచించింది.

విచారణ నీడ

సహాయానికి మరో పోటీదారు విచారణ. ఘటన జరిగిన గంటలోపే టేపులు, రాడార్ రికార్డులు భద్రపరుస్తారు, రాతపూర్వక వివరణ అడుగుతారు, చాలా చోట్ల రోస్టర్ నుంచి తప్పిస్తారు. ఇవన్నీ అవసరమైన పనులే. ఐసీఏవో 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు లక్ష్యం మళ్లీ అలాంటిది జరగకుండా చూడటమే, నింద మోపడం కాదు. ఐరోపా సమాఖ్య 2014లో తెచ్చిన 376వ నిబంధన ‘జస్ట్ కల్చర్’ను నిర్వచించింది. అనుభవానికీ శిక్షణకూ తగ్గట్టు తీసుకున్న నిర్ణయాలకు సిబ్బందిని శిక్షించరాదు, ఘోర నిర్లక్ష్యాన్ని, ఉద్దేశపూర్వక ఉల్లంఘనను మాత్రం సహించరాదు అన్నది దాని సారం. ఆ తర్వాత వచ్చిన 2017 నాటి 373వ నిబంధన, కంట్రోలర్ల ఒత్తిడి నిర్వహణకు ఒక విధానం ఉండాలని, అందులో ఇలాంటి ఘటనల తర్వాత అందించే సహాయ కార్యక్రమం కూడా ఉండాలని విమాన నియంత్రణ సంస్థలకు విధించింది. అది 2020 జనవరి నుంచి అమల్లో ఉంది.

నిబంధన ఉన్నంత మాత్రాన ఈ రెండు పనులూ వేరుగా ఉండవు. పీర్‌తో పంచుకున్న మాట రేపు విచారణలో సాక్ష్యంగా బయటికొస్తుందన్న అనుమానం ఒక్కరికి కలిగినా ఆ కేంద్రంలో కార్యక్రమం చచ్చిపోయినట్టే. అందుకే బాగా నడిచే చోట్ల పీర్‌లు నోట్సు రాయరు, పేర్లు పైకి పంపరు. ఎన్ని సంభాషణలు జరిగాయన్న లెక్క మాత్రమే యాజమాన్యానికి చేరుతుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఈ గోప్యతకు మినహాయింపు ఉంటుందన్నది కూడా ముందే చెబుతారు. సూపర్‌వైజర్‌ను, శిక్షణ పరీక్షకుణ్ని, విచారణ బృంద సభ్యుణ్ని పీర్‌గా పెట్టకపోవడం కూడా అందుకే. వాళ్లు ఎంత మంచివాళ్లైనా రేపు అదే మనిషి పని అర్హత (రేటింగ్) మీద సంతకం పెట్టాల్సింది వాళ్లే.

తిరిగి కన్సోల్ ముందుకు రావడం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. మొదట తక్కువ రద్దీ ఉన్న సమయంలో, పక్కన మరొకరు ఉండగా, పాత సెక్టార్‌లోనే కూర్చోబెట్టి క్రమంగా పూర్తి బాధ్యత అప్పగించడం మంచి పద్ధతి. నెలల తరబడి దూరం పెడితే భయం గట్టిపడుతుంది, నైపుణ్యం మొద్దుబారుతుంది. వైద్య నిర్ణయం, నైపుణ్య పరీక్ష, విచారణ ఫలితం అనే మూడింటిలో దేనికోసం ఎదురుచూస్తున్నామో కంట్రోలర్‌కు స్పష్టంగా చెప్పకపోతే, ఆ ఎదురుచూపే రెండో గాయమవుతుంది.

భారత్‌లో: సర్క్యులర్ నుంచి టవర్ దాకా

మన దేశంలో పౌర విమానాల నియంత్రణ ప్రధానంగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే ఏఏఐ చేతిలో ఉంది. శంషాబాద్ వంటి ప్రైవేటు నిర్వహణలోని విమానాశ్రయాల్లోనూ టవర్‌లో కూర్చునేది ఏఏఐ కంట్రోలర్లే. విశాఖపట్నంలో ఇన్నాళ్లూ ఆ పని నౌకాదళానిది. లైసెన్సులు, వైద్య ప్రమాణాలు డీజీసీఏవి. 2023 ఫిబ్రవరిలో డీజీసీఏ జారీచేసిన వైద్య సర్క్యులర్ పైలట్లతో పాటు కంట్రోలర్ల మానసిక ఆరోగ్యాన్నీ ప్రస్తావించి, తోటివారి సహాయ కార్యక్రమం అవసరాన్ని నొక్కిచెప్పింది. అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన నాలుగో రోజున, జూన్ 16న, 112 మంది ఎయిర్ ఇండియా పైలట్లు అనారోగ్యం కారణంగా సెలవు పెట్టారని పార్లమెంటుకు చెప్పినప్పుడు ప్రభుత్వం ఈ సర్క్యులర్‌నే ఉదహరించింది. పైలట్ల మీద పడిన ఆ ప్రభావం నేల మీద మైక్ పట్టుకున్నవారిని వదిలిపెట్టి ఉంటుందనుకోవడానికి ఏ కారణమూ లేదు.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రిగా ఉండటంతో తెలుగు పాఠకులకు ఈ శాఖ వార్తలు కాస్త దగ్గరగా చేరుతున్నాయి. అయితే ఆచరణలో ఎదురయ్యే చిక్కులు మంత్రిత్వ శాఖ స్థాయిలో కంటే టవర్ స్థాయిలోనే ఎక్కువ. ఐరోపా నమూనాను ఉన్నదున్నట్టుగా తెచ్చుకోవడం కుదరదు. అక్కడి పెద్ద కేంద్రాల్లో వందలమంది ఒకే కప్పు కింద పనిచేస్తారు కాబట్టి, ఘటనతో సంబంధం లేని పీర్ అదే భవనంలో దొరుకుతాడు. రాజమహేంద్రవరం, కడప వంటి విమానాశ్రయాల్లో ఒక షిఫ్టులో ఉండేవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. అక్కడ ఏదైనా జరిగితే కుర్చీ నుంచి లేపడానికి మరొకరు ఉండటమే కష్టం. ఉన్న ఇద్దరు ముగ్గురూ అదే ఘటనకు సాక్షులై ఉంటారు, అందరూ అదే సూపర్‌వైజర్ కింద ఉంటారు.

కాబట్టి ఇక్కడ పీర్‌లు విమానాశ్రయానికి ఒకరు చొప్పున కాకుండా ప్రాంతానికో బృందంగా ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాలు ఏఏఐ దక్షిణ ప్రాంతం కిందికి వస్తాయి. దాని కేంద్ర కార్యాలయం చెన్నైలో ఉంది. బేగంపేటలో ఏఏఐకి సొంత శిక్షణ కేంద్రం ఉంది. కంట్రోలర్లు శిక్షణకు అక్కడికి ఎలాగూ వెళుతుంటారు కాబట్టి, పీర్ శిక్షణకూ, ప్రతి కొత్త కంట్రోలర్‌కు ‘ఘటన తర్వాత ఏం జరుగుతుంది’ అన్న పాఠానికీ అదే అనువైన చోటు. చిన్న టవర్‌లలో షిఫ్టు మధ్యలో మనిషిని తప్పించాల్సి వస్తే కొంతసేపు రాకపోకలు తగ్గించడానికో, విమానాలను పొరుగు విమానాశ్రయానికి మళ్లించడానికో షిఫ్టు ఇన్‌ఛార్జికి ముందస్తు అధికారం రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే ఆ రాత్రి పై అధికారి అనుమతి దొరికేదాకా అదే వ్యక్తి అదే కుర్చీలో కొనసాగుతారు. చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో అందుబాటులో ఉన్న పీర్‌ల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి టవర్‌లో చేతికందే దూరంలో ఉండాలి. ఘటన జరిగాక జాబితా కోసం వెతకడం మొదలైతే, మాటసాయం ఎక్కువగా పనికొచ్చే మొదటి కొన్ని గంటలు ఫోన్ల మీదే గడిచిపోతాయి.